ఆస్బోర్న్ రేనాల్డ్స్

ఇరుసుకు కందెన వేయనిదే బండి సాగదని బండి తోలేవారందరికీ తెలుసు. కాని వెంట్రుక కంటె పలుచనైన ఆ నూనె పొర అంతటి బరువును ఎట్లా మోస్తున్నదో పందొమ్మిదో శతాబ్ది చివరి దాకా పండితులకే బోధపడలేదు. గణితం ద్వారా ఆ చిక్కుముడిని విప్పిన శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్.

ఆయన 1842లో ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరంలో జన్మించాడు. తండ్రి మతాచార్యుడైనప్పటికీ యంత్రాల మీద మక్కువ గలవాడు. కళాశాలలో చేరక పూర్వమే రేనాల్డ్స్ ఒక యంత్రశాలలో పని నేర్చుకున్నాడు. అక్కడ కంటబడిన విషయాలకు కారణాలు తెలియాలంటే గణితం తప్పదని గ్రహించి కేంబ్రిడ్జికి వెళ్లాడు. 1868లో, ఇరవై అయిదేళ్ల ప్రాయంలోనే, మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో ఇంజనీరింగు ఆచార్యుడయ్యాడు. ఆయన పాఠాలు విద్యార్థులకు ఒక పట్టాన అర్థమయ్యేవి కావట. అయినా ఎలక్ట్రానును కనుగొన్న జె.జె. థామ్సన్ ఆ తరగతిలో కూర్చున్నవాడే.

1883లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల రాపిడిని పరీక్షిస్తున్నాడు. తిరిగే ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి ఉంది. బరువును మోపే బేరింగు దాని పైన ఉంది. నూనె పోయడానికి బేరింగుకు రంధ్రం చేయగా, నూనె లోపలికి పోవడానికి బదులు పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగిస్తే బిరడాను, కొయ్యమేకు దిగగొడితే మేకునూ బయటికి నెట్టివేసింది! పీడనమాపకాన్ని అమర్చి చూడగా, బేరింగు మీది సగటు పీడనానికి రెట్టింపు కంటె ఎక్కువ కనిపించింది. కారణం టవర్‌కు అంతుపట్టలేదు.

రేనాల్డ్స్ దాన్ని 1886లో వివరించాడు. బరువు వల్ల ఇరుసు బేరింగుకు సరిగా మధ్యలో ఉండదు. కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. అందుచేత వాటి నడుమ ఉన్న సందు ఒకవైపు వెడల్పుగా, క్రమంగా ఇరుకుగా, మేకు ఆకారంలో ఏర్పడుతుంది. జిగట గుణం, అనగా స్నిగ్ధత ఉన్న నూనె తిరిగే ఇరుసును అంటిపెట్టుకొని ఆ ఇరుకులోకి లాగబడుతుంది. తప్పించుకొనే దారి చాలక దాని పీడనం పెరిగి, బేరింగును పైకెత్తుతుంది. ఇక లోహం లోహాన్ని తాకదు. వేడెక్కితే నూనె పలచబడుతుంది గదా! అందుకని ఆయన ఆలివ్ నూనె స్నిగ్ధతను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద స్వయంగా కొలిచి, తన లెక్కలను టవర్ ఫలితాలతో సరిపోల్చాడు.

అనారోగ్యం వల్ల రేనాల్డ్స్ 1905లో పదవీ విరమణ చేశాడు. ఆ ఏడాదే ఆస్ట్రేలియాకు చెందిన మిచెల్ ఆయన సమీకరణం ఆధారంగా కొత్త తరహా బేరింగుకు పేటెంటు పొందాడు. ఓడలను ముందుకు నడిపే ప్రొపెల్లర్ల తోపుడు బలాన్ని నూనె పొర మీదనే మోయించిన బేరింగు అది. రేనాల్డ్స్ 1912లో ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో, వాచెట్ అనే చిన్న ఊరిలో కన్నుమూశాడు.