పల్నాటి బ్రహ్మనాయుడు: జయం మిగిల్చిన శూన్యం

భారతమంటే కురుక్షేత్రమే స్ఫురిస్తుంది. కానీ పాఠక మహాశయులారా, మన తెలుగు నేలపైనే అన్నదమ్ములు రాజ్యం కోసం రక్తం చిందించుకున్న మరొక భారతం ఉంది. అదే క్రీ.శ. 1182 ప్రాంతంలో జరిగిన పల్నాటి యుద్ధం. అందులో ఒక పక్షానికి సారథి బ్రహ్మనాయుడు; ఎదుటి పక్షానికి నాయకురాలు నాగమ్మ.

పల్నాటిని ఏలిన హైహయ వంశీయుడు అనుగురాజుకు మంత్రి దొడ్డనాయుడు. ఆయన కుమారుడే బ్రహ్మనాయుడు. అనుగురాజు అనంతరం పెద్దకొడుకు నలగామరాజు గురజాలలో సింహాసనమెక్కాడు. సవతి సోదరుడు మలిదేవునికి మాచర్ల దక్కింది. నలగాముని కొలువులో నాగమ్మ మంత్రిణి అయింది. స్త్రీ మంత్రిపదవిని అధిష్ఠించడమే అరుదైన ఆ కాలంలో ఆమె రాజనీతి అసామాన్యమైనది. బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షాన నిలిచాడు. ఆయన పరమ వైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవుని సేవకుడు, ఆమె శివభక్తురాలు.

బ్రహ్మనాయుని కీర్తికి మూలం ఖడ్గం కాదు, చాపకూడు. ఒకే చాపపై సర్వకులాల వారినీ కూర్చోబెట్టి భోజనం పెట్టించాడాయన. మాలకులజుడైన కన్నమదాసును పుత్రునిగా చూసుకుని సేనానిగా నిలిపాడు. భగవంతుని ఎదుట అందరూ సమానులేనన్న మాటను ఆచరణలో చూపిన ధన్యుడు.

అంతటివాడు కూడా కోడిపందెపు సవాలును కాదనలేకపోయాడు. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడవాలన్నది పందెం. నాగమ్మ కపటంతో గెలిచిందని వీరగాథలు చెబుతాయి. అయితే ఆ గాథలు బ్రహ్మనాయుని పక్షం నుండి పుట్టినవని మరువరాదు. కపటం ఎవరిదైనా, ప్రజల రాజ్యాన్ని పందెంలో ఒడ్డిన దోషం ఇరుపక్షాలదీ. ధర్మరాజు జూదం నుండి ఇద్దరూ పాఠం నేర్వలేదు.

గడువు ముగిశాక మలిదేవుడు తన భాగాన్ని కోరాడు. రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడని గాథ. ఇక సంధికి తావు లేకపోయింది. నాగులేటి ఒడ్డున కారంపూడి రణభూమిగా మారింది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు నవయౌవనంలోనే అక్కడ నేలకొరిగాడు. విజయం లభించింది, కానీ దానిని అనుభవించవలసిన వారు లేరు. బ్రహ్మనాయుడు పగ సాధించలేదు. ఓడిన నలగామునికే రాజ్యం అప్పగించి, గుత్తికొండ బిలంలో తపస్సుకు వెళ్లాడని సంప్రదాయం చెబుతోంది.

ఇక్కడ ఒక్కసారి భద్రాద్రి సీమకేసి చూడండి. పర్ణశాలలో శ్రీరాముడు వనవాసం గడిపాడని మన విశ్వాసం. ఆయనకూ సవతి తల్లి వరాల వల్లనే వనవాసం ప్రాప్తించింది. పదునాలుగేళ్లు గడిచాక అయోధ్య రక్తసిక్తం కాలేదు. ఎందుకు? సింహాసనంపై పాదుకలనుంచి, అన్నగారి సొత్తును కాపాడి తిరిగి ఇచ్చిన భరతుడు అక్కడ ఉన్నాడు. పల్నాటిలో మహావీరులున్నారు, మహామంత్రులున్నారు, భరతుడే లేడు. బ్రహ్మనాయుడు చివర చేసిన త్యాగాన్ని ఏ పక్షమైనా మొదటే చేసి ఉంటే ఆ తల్లులకు కడుపుకోత తప్పేది.

నేటికీ కార్తిక అమావాస్యనాడు కారంపూడిలో వీరుల ఆయుధాలకు పూజలు మొదలై ఉత్సవం సాగుతుంది. ఆ ఆయుధాలకు మ్రొక్కే చేతులతోనే మన ఇంటి పంపకాల పత్రాలపైనా సంతకాలు చేస్తాం. గట్టు కోసం, గోడ కోసం తోబుట్టువుతో మాట మానినవారు మనలో ఎందరో! రేపటి దీపారాధనకు ముందే ఆ ఇంటి గడప తొక్కి పలకరించండి. శ్రీరామచంద్రునికి అంతకు మించిన నైవేద్యం లేదు.