కల్నల్ మెకంజీ - దీపాలదిన్నె

స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా భారతదేశమునకు వచ్చెను. భూములను కొలిచి పటములు గీయుట ఆయన వృత్తి. టిప్పు సుల్తాను పతనానంతరము మైసూరు దేశమును సర్వే చేయునపుడు, ఆయన ఎల్లలు నిర్ణయించుటతో తృప్తిపడలేదు. దేవాలయములు, శాసనములు, స్థానిక వృత్తాంతములు అన్నియు ఆ భూమికి సంబంధించిన లెక్కలేయని భావించెను.

అయితే దేశభాషలు ఆయనకు రావు. ఆ కొఱత తీర్చినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. వెంకట బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము నొందగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వీరి మనుష్యులు గ్రామగ్రామము తిరిగి, కరణములనడిగి వ్రాసికొనివచ్చిన వృత్తాంతములే నేటి కైఫీయతులు.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కృష్ణాతీరమున అమరావతిలో నూతన నగరమును నిర్మింపజేయుచుండెను. ఇటుకలకును రాళ్లకును పనివారు సమీపమందలి దీపాలదిన్నెను త్రవ్వగా, శిల్పములు చెక్కిన తెల్లని రాతిపలకలు బయల్పడెను. ఆ వార్త విని మెకంజీ వచ్చి చూచెను. కాని ఉద్యోగధర్మము ఆయనను మైసూరునకును, పిదప జావాకును కొనిపోయెను.

1815లో ఆయన భారతదేశమునకు తొలి సర్వేయర్ జనరల్ అయ్యెను. మఱుసటి యేడు అమరావతికి తిరిగివచ్చి చూడగా, దిన్నె నడిమి భాగము చెఱువు కొఱకు త్రవ్వబడియుండెను. పలకలు కొన్ని కట్టడములలో చేరెను. కొన్ని కాలి సున్నమయ్యెను. అది బౌద్ధస్తూపమని ఆనాడు గుర్తించినవారు లేరు. మెకంజీ సైతము జైనులదని తలచెను. అయినను ఆయన నిరాశపడక, మిగిలిన భాగమును కొలిపించి, చిత్రకారులచే పలకలను యథాతథముగ గీయించెను. తరువాత ఆ పలకలలో పెక్కు కనుమఱుగయ్యెను. వానికి నేడు ఆ చిత్రములే సాక్ష్యము.

1821లో కలకత్తా సమీపమున మెకంజీ మరణించెను. ఆయన సేకరణమందలి శాసనముల నకళ్లే ఎనిమిదివేలకు పైబడినవి.

నాగార్జునసాగరమునకు ఆనకట్ట కట్టదలచినపుడు, 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖ నాగార్జునకొండ లోయను త్రవ్వి పరిశోధించెను. నీరు నిండకముందే ముఖ్యమైన కట్టడములను మెఱకకు తరలించి పునర్నిర్మించిరి. అమరావతిలో నిర్మాణము ముందు నడిచి, పరిశీలన వెనుక వచ్చినది. నాగార్జునకొండలో ఆ వరుస మాఱినది. ఆ మార్పు విలువ ఎట్టిదో మెకంజీ గీయించిన పటములను చూచినవారికి తెలియును.