గుర్రమా, ఆడగుర్రమా?

గ్రెగోరియో కోర్టెజ్ 1875లో మెక్సికోలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికాలోని టెక్సాస్‌కు వలస వచ్చాడు. పశువుల కాపరిగా, వ్యవసాయ కూలీగా బతికాడు. అతడి మాతృభాష స్పానిష్.

1901 జూన్ 12న గుర్రపు దొంగను వెతుకుతూ కార్న్స్ కౌంటీ షెరీఫ్ మోరిస్ అతడి ఇంటికి వచ్చాడు. వెంట తెచ్చుకున్న దుబాసీకి స్పానిష్ అంతంతమాత్రం. ఈమధ్య గుర్రం మార్చుకున్నావా అని అడిగించాడు. లేదన్నాడు కోర్టెజ్. అతడు మార్చుకున్నది ఆడగుర్రం. మనకు రెండూ గుర్రాలే. స్పానిష్‌లో మాత్రం మగది కబాయో, ఆడది యెగ్వా. నిజం చెప్పినా అబద్ధంగా తోచింది. మాట తుపాకీ దాకా పోయింది. షెరీఫ్ కాల్పుల్లో కోర్టెజ్ సోదరుడు గాయపడ్డాడు. కోర్టెజ్ కాల్పుల్లో షెరీఫ్ చనిపోయాడు.

పది రోజులపాటు వందలమంది అతణ్ణి వెంటాడారు. ఆ వేటలో గ్లోవర్ అనే మరో షెరీఫ్ కూడా చనిపోయాడు. చివరకు కోర్టెజ్ లారెడో దగ్గర పట్టుబడ్డాడు. మెక్సికన్లు చందాలు పోగుచేసి లాయర్లను పెట్టారు. కొరిడో అనే కథాగేయం కట్టి ఊరూరా పాడుకున్నారు.

మోరిస్‌ను ఆత్మరక్షణ కోసమే కాల్చాడని 1904లో కోర్టు అతణ్ణి నిర్దోషిగా తేల్చింది. గ్లోవర్ కేసులో మాత్రం యావజ్జీవ శిక్ష పడింది. 1913లో గవర్నర్ క్షమాభిక్షతో విడుదలయ్యాడు. 1916లో మరణించాడు. ఆ పాట మీద అమెరికో పరేదెస్ చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది.

ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో పెరిగే పిల్లలకు చెప్పదగిన కథ ఇది. రెండు భాషలూ అరకొరగా కాక బాగా వచ్చినవాడు ఆ రోజు ఆ గుమ్మంలో ఒక్కడుంటే, పాట కట్టే అవసరమే ఉండేది కాదేమో.