వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు

కర్ణాటక సంగీతంలో వాయులీనం అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చే పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. ప్రజలు ఆయనను ఆప్యాయంగా ఫిడేలు నాయుడుగారని పిలుచుకున్నారు. చూపు సరిగా లేక బడి చదువుకు దూరమైన ఆయన, తరువాతి కాలంలో ఒక కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. అందుకు ఆయన ప్రతిభ ఎంత కారణమో, ఆ ప్రతిభను గుర్తించి చోటిచ్చిన పెద్దల మనసు కూడా అంతే కారణం.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్నంలో. చిన్ననాటి నుండి ఆయనకు చూపు మందం. నల్లబల్ల మీది అక్షరాలు, పుస్తకంలోని పంక్తులు స్పష్టంగా కనిపించేవి కావు. అటువంటి పిల్లలకు ప్రత్యేకంగా పాఠం చెప్పే పద్ధతి ఆనాటి మామూలు బడులలో లేదు. పల్లెలలోనూ చిన్న పట్టణాలలోనూ కంటి వైద్యం అందరికీ అందేది కాదు. బుద్ధి చురుకైనదే అయినా చదువు సాగలేదు. చివరకు ఆయన బడి మానవలసి వచ్చింది.

బడి తలుపు మూసుకుపోయినా ఇంటిలో మరొక తలుపు తెరచుకుంది. అన్నగారైన వెంకటకృష్ణయ్యకు వాయులీనం వచ్చు. ఆయనే తమ్మునికి తొలి గురువయ్యారు. వాయులీనంలో వీణకు ఉన్నట్లు మెట్లు ఉండవు. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో కన్ను చెప్పదు. చెవి, వేలు కలిసి తెలుసుకోవాలి. ఆ విద్య బాలునికి చక్కగా పట్టుబడింది. విన్న కీర్తనను మనసులో నిలుపుకొని, తప్పులేకుండా పలికే వరకు గంటల తరబడి సాధన చేసేవారు.

ఆ రోజులలోనే విజయనగరంలో ఒక మంచి పని జరిగింది. సంస్థానాధీశులు పూసపాటి విజయరామ గజపతిరాజుగారి కొలువులో చాగంటి జోగారావుగారు ఉండేవారు. వారి కుమారుడు అంధుడు. ఆ బాలునికి సంగీతం నేర్పించాలని తండ్రి కోరిక. ఆ మాట విన్న రాజుగారు ఒక్క బాలునికి గురువును కుదిర్చి ఊరుకోలేదు. అందరికీ ఉపయోగపడేటట్లు 1919 ఫిబ్రవరి 5వ తేదీన ఒక సంగీత కళాశాలనే స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాల్. ఒక అంధ బాలుని అవసరం నుండి పుట్టిన ఆ విద్యాలయం ఎందరో సంగీత విద్వాంసులను తీర్చిదిద్దింది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు చదివినది కూడా అక్కడే.

నాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరాలని వెళ్ళారట. ఆయన వాయించినది విన్న నారాయణదాసుగారు, ఈయన నేర్చుకోవలసినవారు కారు, నేర్పవలసినవారని నిర్ణయించారని చెప్పుకుంటారు. ఏది ఏమైనా 1919లో ఇరవై ఆరేళ్ళ వయసులో ఆయన అక్కడ వాయులీన ఆచార్యులుగా నియమితులయ్యారు. ఆయన ఏమి చూడలేరో ఎవరూ లెక్కించలేదు. ఏమి వినిపించగలరో దానికే విలువ కట్టారు. 1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు.

వాయులీనం పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతానికి మలచుకున్నారు. అయితే అది ఎక్కువగా గాయకుని పక్కన సహకార వాద్యంగానే ఉండేది. నాయుడుగారు దానిని ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. 1938లో రాయవేలూరులో ఆయన చేసిన సోలో కచేరీ ఆ దారిలో ఒక మైలురాయి. పాశ్చాత్య విద్వాంసులు కమానును నడిపే తీరును కూడా ఆయన శ్రద్ధగా గ్రహించి, మన రాగాలకు అనువుగా వాడుకున్నారు. ప్రపంచ ప్రసిద్ధుడైన వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాదనను విని ఎంతో మెచ్చుకున్నారు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. ఇంత కీర్తి వచ్చినా తనవంటివారి కష్టాన్ని ఆయన మరువలేదు. 1952లో ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. 1964 నవంబరు 25వ తేదీన కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1993లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

నాయుడుగారి బాల్యంలో లేని సదుపాయాలు తరువాత ఒక్కొక్కటిగా వచ్చాయి. ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్రెయిల్, తాను అంధుడై ఉండి, వేలితో తడిమి చదువుకునే ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. 1954 వరకు మన యానాం ఆ దేశపు పాలనలోనే ఉండేది. ఆ లిపి ఆధారంగా తెలుగుతో సహా భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిల్ 1951లో ఏర్పడింది. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. దాని కింద బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసి, అవసరమైనవారికి కళ్ళద్దాలు ఇస్తున్నారు. 1995లో వికలాంగుల హక్కులకు ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వచ్చిన చట్టం ఏడు రకాల వైకల్యాలకు బదులు ఇరవై ఒక్క రకాలను గుర్తించింది. వారికి తోటి పిల్లలతో కలిసి చదువుకునే హక్కును, వైద్యం పొందే హక్కును స్పష్టం చేసింది.

చట్టం హక్కును ఇస్తుంది. పక్కన చోటు ఇవ్వవలసినది మాత్రం మనుషులే. తమ్ముని చేతికి వాయులీనం అందించిన అన్న, ఒక బాలుని కోసం కళాశాల తెరచిన రాజు, ప్రతిభను చూసి పీఠం వేసిన గురువు లేకపోతే తెలుగుజాతి ఒక మహా విద్వాంసుని కోల్పోయి ఉండేది. తరగతిలో నల్లబల్ల కనిపించని పిల్లవానిని ముందు వరుసలో కూర్చోబెట్టడం, వాడికి పాఠం చదివి వినిపించడం చిన్న పనులే. ద్వారంవంటివారు ఎదిగినది అటువంటి ఆదరణ వల్లనే.