ఘంటసాల: ఊరి పేరే ఇంటిపేరు.. ఆ ఇంటిపేరే ఒక గొంతు! జోలె పట్టిన పిల్లాడి కథ

పాణ్యంలో గానీ, నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో గానీ మైకులో భగవద్గీత శ్లోకం వినిపించిందంటే చాలు.. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరు పోయారని అడుగుతారు. ఆ గొంతు ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు. అందరికీ తెలుసు. ఘంటసాల. అంతే, ఒక్క మాట. ముందూ వెనకా ఏమీ అక్కర్లేదు.

ప్రపంచంలో ఒక్క పేరుతో వెలిగిన గాయకులు చాలామందే ఉన్నారు. ఎల్విస్, మడోన్నా, ప్రిన్స్, అడెల్.. వీళ్లందరివీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు. మన దగ్గర లెక్క వేరు. ఘంటసాల అనేది ఆయన పేరే కాదు, ఇంటిపేరు. ఆ ఇంటిపేరు కూడా కృష్ణా జిల్లాలోని ఒక ఊరి పేరు. అసలు పేరు వెంకటేశ్వరరావు. మన పాణ్యం, నంద్యాల కూడా కొందరికి ఇంటిపేర్లే కదా.. అలాంటిదే ఇదీ. కాకపోతే ఆ ఊరి పేరు ఇవాళ ఎక్కడ విన్నా ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, గొంతు.

ఆ పేరు అలా ఊరికే రాలేదు. దాని వెనక ఉన్న ఆకలి సంగతి ఈ తరంలో చాలామందికి తెలీదు.

తండ్రి భుజాల మీద మొదలైన పాట

1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఘంటసాల పుట్టారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తారు, భజనల్లో తరంగాలు పాడతారు. కొడుకును భుజాల మీద ఎక్కించుకుని భజనలు ఎక్కడ జరిగితే అక్కడికి తీసుకెళ్లేవారు. తండ్రి పాడుతుంటే పిల్లాడు అడుగులేసేవాడు. ఆ ముచ్చట చూసి ఊళ్లో వాళ్లు బాల భరతుడని పిలిచేవాళ్లట.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. పిల్లాడికి పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. కొడుకు సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన ఆఖరి కోరిక. తర్వాత మేనమామ పిచ్చిరామయ్య ఆ కుటుంబానికి అండగా నిలిచారు.

ఒకసారి పక్క ఊళ్లో కచేరీ జరిగింది. బాగా నేర్చుకున్న విద్వాంసులతో పోటీగా ఈ పిల్లాడు పాడాడు. ఓడిపోయాడు, జనం నవ్వారు. గొంతు ఉంటే సరిపోదు, విద్య కావాలని అప్పుడే అర్థమైంది. తెలిసిన విద్వాంసుల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతకడం, ఇంకో ఇంట్లో వంట చేయడం. పనైతే చేయించుకున్నారు గానీ, వచ్చిన సంగీతం మాత్రం అంతంత మాత్రమే. ఇలా లాభం లేదనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విజయనగరం బయల్దేరాడు. చేతికున్న ఉంగరం ఖరీదు నలభై రూపాయలు ఉంటుంది. దాన్ని ఎనిమిది రూపాయలకే అమ్మేసి మరీ వెళ్లాడు!

చీమలు పట్టిన అన్నం

విజయనగరం సంగీత కళాశాల అంటే అప్పట్లో మామూలు విషయం కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు లాంటి వయొలిన్ దిగ్గజం ప్రిన్సిపాల్. తీరా వెళ్లి చూస్తే వేసవి సెలవులు, కాలేజీ మూసేసి ఉంది. ప్రిన్సిపాల్‌ని బతిమాలితే ఆవరణలో ఉండనిచ్చారు. వారాలు చేసుకుంటూ, అంటే రోజుకో ఇంట్లో భోంచేస్తూ గడిపాడు.

అదీ ఎంతో కాలం సాగలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు ఈ అబ్బాయి మీద పడింది. కాలేజీ నుంచి పంపించేశారు. ఆ వార్త తెలిసి వారాలు పెట్టే ఇళ్లవాళ్లు కూడా ఇక రావద్దన్నారు. ఉండటానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు. ఊళ్లో ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

కథ మలుపు తిరిగింది అక్కడే. ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి ఈ అబ్బాయి సంగతి కనుక్కున్నారు. ఇంటికి రమ్మన్నారు, పైసా తీసుకోకుండా పాఠం చెబుతానన్నారు. ఆయనేమన్నా ఉన్నవారా అంటే అదీ లేదు. చదువు చెప్పగలరు గానీ అన్నం పెట్టలేని ఇల్లు. దాంతో పిల్లాడు జోలె కట్టాడు. వీధివీధీ తిరిగి మధూకరం ఎత్తి తెచ్చుకున్న అన్నమే రెండు పూటలా. మిగిలింది గుడ్డలో మూటగట్టి పెట్టుకుంటే చీమలు పట్టేవి. అది చూసి గురువు మనసు కరిగిపోయింది. అన్నం దాచుకోమని ఒక డబ్బా ఇచ్చారు.

ఆ ఊళ్లోనే కళావర్ రింగ్‌గా పేరుపడ్డ నర్తకి సరిదె లక్ష్మీనరసమ్మ కూడా ఆ అబ్బాయికి అన్నం పెట్టి ఆదరించారు. పరువున్న ఇళ్లు తలుపులు మూసుకున్న రోజుల్లో ఆదుకున్నది ఎవరంటే.. ఒక పేద గురువు, ఒక నర్తకి! సెలవులు అయ్యాక గురువు సాయంతో కాలేజీలో మళ్లీ చేరి సంగీతం పూర్తి చేసి పట్టా పుచ్చుకున్నారు.

బళ్లారి జైలు, పానగల్ పార్కు

చదువయ్యాక సొంతూరు చేరి కచేరీలు, ఉత్సవాల్లో పాటలు, పిల్లలకు పాఠాలు. ఇంతలో 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగారు. అరెస్టు చేసి బళ్లారి దగ్గర అలీపురం జైల్లో పెట్టారు. నంద్యాల, పాణ్యం మీదుగా వెళ్లే రైలు పట్టాలనే పట్టుకుని డోన్, గుంతకల్లు దాటి పోతే వచ్చేదే ఆ బళ్లారి. ఏడాదిన్నర జైలు. సంగీతం నేర్చుకోవడానికి అన్ని బాధలు పడ్డ మనిషి, పాడుకోవాల్సిన వయసులో దేశం కోసం ఏడాదిన్నర ఇచ్చేశారు. సినిమా ఘంటసాల గురించి చెప్పేవాళ్లు ఈ ముక్క తరచూ మర్చిపోతుంటారు.

జైలు నుంచి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రితో పెళ్లయింది. ఆ సాయంత్రం కచేరీ ఎవరిదో తెలుసా? పెళ్లికొడుకుదే! తన పెళ్లికి తానే పాడుకున్నారు.

పెళ్లయిన కొత్తల్లోనే రచయిత సముద్రాల రాఘవాచార్య ఆ పాట విన్నారు. మద్రాసు రమ్మన్నారు. అప్పు చేసి మరీ వెళ్లారు ఘంటసాల. చిత్తూరు నాగయ్య, బి.ఎన్.రెడ్డి లాంటి పెద్దలు పాట విని, అవకాశం ఉన్నప్పుడు చూద్దామన్నారు. సముద్రాల ఇల్లు చిన్నది. వాళ్లకు భారం కాకూడదని మకాం మార్చేశారు. ఎక్కడికంటే.. టి.నగర్‌లోని పానగల్ పార్కుకు! వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలు ఇచ్చే ఒప్పందం. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం, రాత్రి పార్కులో పడుకోవడం.

రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు పాడే అవకాశం ఇచ్చారు. సినిమాల్లో మొదట గుంపులో పాటలు, చిన్నచిన్న వేషాలు. అలా అడుగుపెట్టిన సీతారామ జననం సినిమా తీసింది ఘంటసాల బలరామయ్య. అవును, అదే ఇంటిపేరు! అప్పటికే పరిశ్రమలో పేరున్న నిర్మాత, దర్శకుడు ఆయన. అంటే ఈ కుర్రాడు మద్రాసు వచ్చేనాటికే ఆ పేరుతో ఒక పెద్దమనిషి ఉన్నారన్నమాట. తర్వాత కొన్నేళ్లకు ఆ ఒక్క మాట అంటే జనం మనసులో మెదిలేది ఎవరో వేరే చెప్పాలా?

స్వర్గసీమ (1945)లో భానుమతి పక్కన పాడే ఛాన్స్ వచ్చింది. భయపడుతూనే పాడారు, భానుమతి, నాగయ్య ధైర్యం చెప్పారు. ఆ పాటకు దక్కింది 116 రూపాయలు.

పద్యాన్ని మార్చేసిన మనిషి

ఆ తర్వాత కథ అందరికీ కొంతో గొప్పో తెలిసిందే. బాలరాజు (1948)లో అక్కినేనికి గొంతిచ్చారు. ఎన్టీఆర్ తొలి సినిమా మనదేశం (1949)కు సంగీతం ఆయనదే. షావుకారు, పాతాళభైరవి, మాయాబజార్, లవకుశ.. అన్నింటికీ సంగీత దర్శకుడు ఘంటసాలే. మాయాబజార్‌కు మొదట కొన్ని బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు, ఆయన తప్పుకున్నాక మిగతా భారం ఘంటసాల మీద పడింది. అందులో ఘటోత్కచుడి విందు పాట తానే పాడుకోవచ్చు కదా? పాడలేదు. మాధవపెద్ది సత్యంతో పాడించారు. ఎస్వీ రంగారావు ఆకారానికి ఆ గొంతే సరిపోతుందని సంగీత దర్శకుడిగా ఆయనకు తెలుసు. గాయకుడు, సంగీత దర్శకుడు ఒక్కరే అయినప్పుడు ఇలా పక్కకు తప్పుకోవడం అంత తేలికేం కాదు.

అయితే ఘంటసాల చేసిన అసలు పెద్ద పని పాటల్లో కాదు, పద్యాల్లో ఉంది. రాయలసీమ పల్లెల్లో రాత్రంతా పౌరాణిక నాటకాలు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నాటకంలో పద్యం అంటే రాగం. నటుడు ఒక్క చరణం చివర నిమిషాల తరబడి రాగం లాగుతాడు, జనం వన్స్‌మోర్ కొడతారు. అందులో మాట ఎక్కడో కొట్టుకుపోతుంది. సినిమాలో అంత సమయం ఉండదు. మైకు ముందు అంత అరుపూ అక్కర్లేదు. ఘంటసాల రాగాన్ని కత్తిరించారు. మాట ముందు, రాగం వెనక. పద్యంలో ప్రతి మాటా చదువురాని వాళ్లకు కూడా తేటగా వినపడేలా, కోపం దగ్గర కోపం, ఏడుపు దగ్గర ఏడుపు పలికేలా పాడారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం పద్యాలు బడి గడప తొక్కని వాళ్ల నోళ్లలోనూ ఆడాయంటే ఆ పుణ్యం ఈ పద్ధతిదే. ఇప్పటికీ తెలుగులో ఎవరు పద్యం ఎత్తుకున్నా అందులో ఘంటసాల ఛాయ వినిపిస్తూనే ఉంటుంది.

సొంతంగా సినిమాలు కూడా తీశారు. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్. కలిసిరాలేదు. పాట తెచ్చిన డబ్బు సినిమా తినేసింది.

గొంతు మిగిలింది, మనిషి మిగల్లేదు

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్లి అక్కడి తెలుగువాళ్లకు పాడి వచ్చారు. అప్పటికే చక్కెర వ్యాధి లోపల్లోపల తినేస్తోంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి. చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చింది.

బయటికి వచ్చాక ఆయనకు ఒకటే పట్టుదల.. భగవద్గీత పూర్తి చేయాలి. అది అయ్యాక సినిమా పాటలు మానేయాలన్నది ఆలోచన. ఏడువందల శ్లోకాల్లో నూరుకు పైగా ఎంచుకుని, పక్కనే తెలుగులో తాత్పర్యం చెబుతూ రికార్డు చేశారు. ఒంట్లో ఓపిక లేదు, పైగా అది సినిమా పాటలా మూడు నిమిషాల్లో అయ్యేది కాదు. అయినా ఎక్కడా ఆ గొంతులో జబ్బు వినపడదు.. కావాలంటే ఈసారి మైకులో వచ్చినప్పుడు చెవి పెట్టి వినండి.

సినిమా పాటలు మాత్రం మానలేకపోయారు. 1973లో కూడా భక్త తుకారాం, జీవన తరంగాలు లాంటి సినిమాలకు పాడారు. 1974 మొదట్లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. మద్రాసులో ఆస్పత్రిలో చేర్చారు. అక్కడి నుంచే ఒక డాక్యుమెంటరీకి పాట పాడారు. మర్నాడే, ఫిబ్రవరి 11న, కన్నుమూశారు. వయసు 51 ఏళ్లు.

భగవద్గీత రికార్డు జనం చేతికి వచ్చింది ఆయన పోయాకే. ఊరూరా గుళ్లలో మోగింది. అది ఎంత ప్రేమగా విన్నారో, ఇళ్లలో నుంచి అంత నెమ్మదిగా జారిపోయి వైకుంఠ రథాల మైకుల్లోకి చేరింది. బతికి ఉన్నవాడు యుద్ధానికి లేవాలని చెప్పే గ్రంథాన్ని చావు కబురుగా మార్చేసుకున్నాం. ఇది ఘంటసాల తప్పు కాదు, మన అలవాటు. దానివల్ల ఇప్పటి పిల్లలు కొందరికి ఆయన శవయాత్ర గొంతుగానే తెలుస్తున్నారు. పాతాళభైరవి ప్రేమపాట పాడిందీ, దేవదాసు తాగుబోతు పాట పాడిందీ, జగదేకవీరుని కథలో శివశంకరీ పాడిందీ ఇదే గొంతని చెబితే ఆశ్చర్యపోతారు.

ఇంకో సంగతి ఉంది. ఘంటసాల సంగీతం కట్టిన రోజుల్లో దాదాపు రెండు దశాబ్దాలు ఆయన పక్కన సహాయకుడిగా ఉన్నది పట్రాయని సంగీతరావు. ఆ పేరు చూస్తే ఏమన్నా గుర్తొచ్చిందా? విజయనగరంలో చీమలు పట్టకుండా అన్నం దాచుకోమని డబ్బా ఇచ్చిన గురువు సీతారామశాస్త్రి కొడుకే ఈ సంగీతరావు. ఘంటసాల పోయాక ఆయన మరో 47 ఏళ్లు బతికారు. 2021లో, నూరేళ్ల వయసులో చెన్నైలో కన్నుమూశారు.