కొండభాషకు చెవి ఒగ్గిన గిడుగువారు

గోదావరికి ఆవలి ఒడ్డున ఆదిలాబాదు కొండలు, ఈవలి ఒడ్డున కరీంనగరం సీమలోని మంథని, మహదేవపూరు అడవులు. ఈ తావులలో బడిపంతులు ఉద్యోగం చేసిన వెనుకటి తరంవారికి చలిజ్వరం కొత్తది కాదు. వణుకుతో వచ్చే జ్వరం, దానికి విరుగుడుగా గొంతు దిగని చేదుగల క్వినైను, ఆ మందు ఒంటికి పట్టిన కొలదీ చెవులలో ఎడతెగని హోరు. మందు మానివేస్తే ఆ హోరు చాలామందికి అణగిపోయేది. కొందరికి మాత్రం వినికిడే దెబ్బతినేది. అట్లా వినికిడిని పోగొట్టుకున్నవారిలో తెలుగుదేశమంతా ఎరిగిన పేరు ఒకటి ఉన్నది. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధారా తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. బాల్యంలోనే తండ్రి గతించడంతో చదువుకు ఇతరుల ఆశ్రయం కావలసివచ్చింది. విజయనగరంలో చదువుకునే రోజులలో గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషను ముగియగానే 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి నెగ్గారు. చరిత్ర పాఠం చెప్పవలసివచ్చినందున ముఖలింగం గుడిగోడల మీది శాసనాలను తమంతట తాము చదవడం నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకంతో తృప్తిపడని ఉపాధ్యాయులు ఏ కాలంలోనైనా తక్కువే.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. పట్టణానికి వచ్చినప్పుడు వారు తమలో తాము మాట్లాడుకునే మాటలు బజారులోని వారందరి చెవులా పడేవి. వాటిని భాషగా విన్నవారు మాత్రం అరుదు. ఆనాటికి సవరకు లిపి లేదు, గ్రంథాలు లేవు. అది తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. సంతాలీ, ముండారీ భాషలతో కలిసి ముండా కుటుంబానికి చెందినది. తెలుగు చెవికి అలవాటు లేని ధ్వనులు అందులో ఉన్నాయి. ఊపిరి గొంతులో ఒక్క క్షణం తెగి ఆగుతుంది; మాట చివరి హల్లు పూర్తిగా పలుకకుండానే లోపల నిలిచిపోతుంది. ఆ ఆగుడును పసిగట్టకపోతే మాటనే పట్టుకోలేము. పుస్తకం చూచి నేర్చుకోదగిన భాష కాదది. చెవి ఒగ్గి నేర్చుకోవలసినది. రామమూర్తిగారు సవర ఎరిగిన మనిషిని ఇంట పెట్టుకొని నేర్చుకున్నారు. కులాచారాలు గట్టిగా పాటించే ఆ కాలపు పట్టణంలో అది సాహసమే. తరువాత స్వయంగా కొండలెక్కి వారి పాటలు, కథలు సేకరించారు. వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి, బడులు పెట్టించి, సొంత డబ్బుతో నడిపారు. ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వజూపితే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించవలసిందని కోరారు.

ఆ కొండలలోనే ఆయనకు మలేరియా పట్టుకున్నది. చెడుగాలి వల్ల ఆ జ్వరం వస్తుందని లోకం చాలాకాలంగా నమ్మేది. ఆ పేరుకు ఇటాలియను భాషలో అర్థం కూడా అదే. దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20న. కారణం తెలియక మునుపే మందు తెలిసిన వ్యాధులలో ఇది ఒకటి. సింకోనా చెట్టు బెరడు నుండి క్వినైనును 1820లో ఫ్రెంచి రసాయనికులు వేరుచేశారు. నీలగిరులలో ఆ చెట్లను తోటలుగా పెంచారు. ప్రాణం నిలిపే ఆ మందు లోచెవికి మాత్రం శత్రువు. నత్తగుల్లను పోలిన లోచెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణాలుంటాయి. క్వినైను మోతాదు మీరితే వాటి పని మందగిస్తుంది. అక్కడి సూక్ష్మమైన రక్తనాళాలు కూడా ముడుచుకుంటాయి. చెవిలో గంటలు మోగినట్లుండడం, తల తిరగడం, మాటలు దూరమైనట్లు తోచడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి తాత్కాలికాలు. రామమూర్తిగారి విషయంలో అట్లా జరగలేదు. సవర కొండలలో తిరిగి వాడిన క్వినైను ఆయనను జీవితాంతం చెవిటివారిని చేసింది.

చెవుడు అంటే నిశ్శబ్దమని లోకులు తలుస్తారు. అది పొరపాటు. లోచెవి దెబ్బతిన్నవారిలో చాలామందికి బయటి మాట వినబడదు గాని లోపలి మ్రోత ఆగదు. మరొక చిత్రం కూడా ఉన్నది. మెల్లగా మాట్లాడితే అందదు. అందేటట్లు అరిస్తే భరించరాని కర్కశధ్వనిగా తాకుతుంది. ఈ రెండింటి నడుమ ఎడం చాలా కొంచెం. చెవిటివాని చెవిలో అరిచేవారికి ఈ సంగతి తెలియదు. పరీక్షలో వినికిడి సరిగా ఉన్నట్లు తేలినా లోపల మ్రోత, చప్పుళ్లకు నొప్పి అనుభవించేవారు కూడా ఉన్నారు. ఎంత చిన్న ధ్వని వినగలరో యంత్రం కొలుస్తుంది గాని, ఎంత బాధ కలుగుతున్నదో కొలవదు. బల్ల మీద బెత్తం మోగితే చెవులు మూసుకొనే పిల్లవానిని పెంకివాడని శిక్షించే ముందు ఉపాధ్యాయులు ఈ మాట తలచుకోవడం మేలు.

విశేషమేమంటే, మాట్లాడే భాష కోసం ఆంధ్రదేశంలో అందరికంటె గట్టిగా పోరాడినవారు మాట సరిగా వినబడని ఈ మనిషే. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలలో పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న యేట్సు దొరకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటిగా ఎందుకున్నదన్నది ఆ సందేహం. ఆ ప్రశ్న గురజాడ, గిడుగులను కదిలించింది. 1915లో గురజాడవారు మరణించిన తరువాత బరువంతా ఈయన మీదనే పడ్డది. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. అది ఎంతోకాలం నిలువలేదు. ఊరూరా సభలలో గంటల తరబడి వాదించారు. వాదమంటే ఎదుటివాని మాట వినాలి కదా! చెవి చేయలేని పనిని ఆయన కంటికి అప్పగించారని ఊహించడం తప్పు కాదు. పూర్వగ్రంథాలను గాలించి, వాడుక రూపాలకు ప్రయోగాలు గుట్టలుగా పోగుచేశారు. గ్రాంథికమే వ్రాస్తామన్న పండితుల రచనలలోనే తప్పులు ఏరి చూపి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ వ్రాశారు. పిడుగు అన్న పేరు ఊరికే రాలేదు. ఆయన తీవ్రత కొన్ని వేళల మితిమీరినదనే చెప్పాలి. ఎదుటి పక్షంవారి తీవ్రత మాత్రం తక్కువైనది కాదు.

ఇంత పోరులోనూ సవరను విడువలేదు. ఆ భాషకు ఇంగ్లీషులో వ్రాసిన వ్యాకరణం 1931లో వెలువడింది. నిఘంటువులు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చాయి. కుమారుడు సీతాపతిగారు ఈ కృషిలో తోడు నిలిచారు. వ్యాకరణం పేరులోనే అచ్చుల దీర్ఘం తెలిపే ప్రత్యేక గుర్తులున్నాయి. వినికిడి పోయిన మనిషి ధ్వని విషయంలో అంత పట్టుదల చూపడం గమనించదగినది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అది ఆయనకు మ్రింగుడుపడలేదు. అర్ధశతాబ్దికి పైగా కాపురమున్న ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరిలో మద్రాసులో పత్రికలవారిని కలుసుకొని వాడుకభాషను చేపట్టవలసిందని కోరారు. కొద్దిరోజులకే, ఆ నెల 22న, కన్నుమూశారు.

ఆయన కోరిన వ్యావహారికం పత్రికలలోనూ పుస్తకాలలోనూ నిలిచింది. అయితే ఆ ప్రమాణభాష ప్రధానంగా కోస్తా జిల్లాల చదువరుల పలుకు మీద ఏర్పడింది. కరీంనగరం పిల్లవాడు ఇంట పలికే మాట పుస్తకంలో కానరాక తికమకపడడం ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో గిడుగువారి జన్మదినం తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణలో కాళోజీ నారాయణరావుగారు పుట్టిన సెప్టెంబరు 9 భాషాదినం. సొంత పలుకు బడిలో వినబడాలన్న కోరిక రెంటిలోనూ ఒకటే.

గిడుగువారు పోయిన మూడేండ్లకు, 1943లో, ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గూడెంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలయింది. దానికి పూనుకున్నవారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. గోండీ తెలుగు కుటుంబపు భాషే అయినా దానికి నాగరి లిపిలో వాచకాలు తయారైనాయి. సవర కొండలలో ఒక బడిపంతులు సొంత ఖర్చుతో ఆరంభించిన పనివంటిదే ఇక్కడ నిజాం ప్రభుత్వపు అండతో నడిచింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత క్లోరోక్విను వంటి కొత్త మందులు వాడుకలోకి వచ్చాయి. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, దోమల మీద డి.డి.టి. చల్లే మనుషులు అడవిపల్లెలకు కూడా చేరారు. క్వినైను చేదు, దాని వెంట వచ్చే చెవిహోరు ఆ బడులలో క్రమంగా పెద్దలు చెప్పుకునే పాత ముచ్చటలైనాయి.