వైద్యురాలు కాదంబినీ గంగూలీ

పత్రికలు దేశమునకు చేసిన మేలును చాటుకొనుట మాకు వాడుక. అవి చేసిన కీడును తలచినపుడు 1891లో కలకత్తాలో జరిగిన సంగతి యొకటి మా మనస్సునకు తట్టును. ఆ నగరమున వెలువడుచుండిన ‘వంగవాసి’ పత్రిక యొక గృహిణిని, పేరు తిన్నగా పెట్టకయే, వేశ్యయని సూచించుచు వ్రాసెను. ఆమె చేసిన నేరమెల్ల వైద్యవృత్తి నవలంబించి, వేళయనక రోగుల యిండ్లకు పోవుచుండుటయే. ఆమెయే కాదంబినీ గంగూలీ.

ఈమె 1861లో భాగల్పూరున జన్మించెను. తండ్రి వ్రజకిశోర వసువు ప్రధానోపాధ్యాయుడు. 1878లో ప్రవేశపరీక్ష నిచ్చి, 1883లో చంద్రముఖీ వసువుతో కూడ కలకత్తా విశ్వవిద్యాలయ పట్టమునొందెను. ఆ యేటనే బ్రహ్మసమాజ సంస్కర్తయగు ద్వారకానాథ గంగూలీని వివాహమాడెను. స్త్రీల పక్షమున ‘అబలాబాంధవ’ పత్రికను నడపిన ఆయనయు మావలె కలము పట్టినవాడే యనుట మాకు కొంత ఊరట.

చెన్నపురి వైద్యకళాశాల 1875లోనే స్త్రీలకు ద్వారములు తెరచినది. కలకత్తాలో ఆ భాగ్యము లేకపోవుటచే అబలాదాసు 1882లో చెన్నపురికి రావలసివచ్చెను. ద్వారకానాథుడు మొదలగువారు పట్టు విడువనందున అచ్చటి అధికారులు తుదకు దిగివచ్చి కాదంబినిని చేర్చుకొనిరి. చేర్చుకొనుట వేఱు, ఓర్చుకొనుట వేఱు. 1886లో ఒక్క విషయమున తప్పెనను కారణముచే ఆమెకు ఎం.బి. పట్టము దక్కలేదు; కళాశాలవారి జి.బి.ఎం.సి. యోగ్యతాపత్రము మాత్రము లభించెను. వైద్యము చేయుటకు అది చాలును. 1888లో లేడీ డఫరిన్ ఆసుపత్రిలో నెలకు 300 రూపాయల ఉద్యోగము దొరకినది. జీతమునకు కొదవలేదు, అధికారమునకే కొదవ. పెత్తనమంతయు ఐరోపీయ వైద్యురాండ్రదే.

ఆ కాలమున ఘోషా పాటించు పెద్దయిండ్లలో ప్రసవవేదన పడు స్త్రీ ప్రాణము పోవుచున్నను పురుషవైద్యుని లోనికి రానీయకుండిరి. స్త్రీ వైద్యవిద్య నభ్యసించిన, కులనాశనమని గగ్గోలు పెట్టుచుండిరి. ఈ రెండు మాటలను ఒక్క నోటితో పలుకువారు వంగదేశమునందే యుండిరని మేము చెప్పజాలము.

వంగవాసి వ్రాతను దంపతులు సహించి యూరకుండలేదు. శివనాథశాస్త్రి, నీలరతన్ సర్కారుల తోడ్పాటుతో న్యాయస్థానమున కెక్కిరి. సంపాదకుడు మహేశచంద్రపాలునకు 100 రూపాయల జుల్మానాయు, ఆఱు నెలల చెఱయు విధింపబడెను. వ్రాతకై చెఱసాల కేగిన దేశభక్తుల పంక్తిలో ఈయనను కూర్చుండబెట్టుటకు మా మనస్సొప్పదు.

యోగ్యత చాలదను మాటకు సమాధానముగా కాదంబిని 1893లో, పిల్లలను ఇంటనే యుంచి, బ్రిటనుకు ప్రయాణమయ్యెను. ఎడింబరో, గ్లాస్గో నగరముల వైద్యసంస్థల మూడు యోగ్యతాపత్రములతో మరలివచ్చెను. పిమ్మట స్వతంత్రముగా వైద్యము చేయుచు, బండిలో పోవునప్పుడు సయితము చేతులూరకుంచక లేసు అల్లుచుండెనట!

దేశకార్యమునను ఆమె వెనుకబడలేదు. 1889 నాటి బొంబాయి కాంగ్రెసునకు వచ్చిన కొలదిమంది స్త్రీ ప్రతినిధులలో ఆమె యొకతె. మఱుసటియేట కలకత్తా సభలో వేదికపై నిలిచి వందనసమర్పణము గావించెను. 1898లో భర్త గతించెను. 1922లో, అఱువదియేండ్లు దాటిన పిదప, కవయిత్రి కామినీరాయితో కూడ బీహారు, ఒరిస్సాలకు పోయి బొగ్గుగనులలో పాటుపడు స్త్రీల స్థితిగతులను విచారించెను. 1923 అక్టోబరు 3వ తేదీన కన్నుమూసెను. ఆ దినమున కూడ రోగికి చికిత్స చేసియే యింటికి వచ్చెను.